పంజరంలో పాలమూరు ఎండ

కుందేళ్ల పెంపకం అనగానే అందరూ జాతుల గురించి, లాభాల గురించి అడుగుతారు. తల్లిని వదిలిన పిల్ల రెండు కిలోలు తూగేదాకా ఎక్కడ ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో మొదట అడగాల్సింది అదే.

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. దేవరకొండ దాటి డిండి వైపు వెళ్లే దారిలో నరసంచారం ఉండదు. మేకలు సైతం తుమ్మచెట్టు కింద మూతులు దించుకుని నిలబడి ఉంటాయి. అలాంటి వేళ తంగేడు పొద పక్కనుంచి నడిచి వెళితే, కాలి కిందనుంచే అన్నట్టు ఏదో దిగ్గున లేస్తుంది. నాలుగు గెంతులు. అంతే, మాయం.

చెవులపిల్లి!

అది లేచిన చోట వంగి చూడండి. మట్టిలో దాని ఒంటికి సరిపడా చిన్న గుంట. దానిమీద సరిగ్గా పొద నీడ. పొద్దు తిరిగేకొద్దీ నీడ జరిగితే అదీ జరుగుతుంది. ఈ నేలమీద ఎండాకాలం ఎలా గడపాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అదే ఊళ్లో, సిమెంటు రేకుల షెడ్డు కింద, ఇనుప జాలీ పంజరంలో ఉన్న తెల్ల కుందేలు పిల్లను తలచుకోండి. వయసు రెండు నెలలు. నీడ జరిగితే అది జరగలేదు. పైన రేకు కాలుతోంది, పక్కన ముగ్గురు తోబుట్టువులు ఒరుసుకుని ఉన్నారు. దాని నీడ, దాని గాలి, దాని నీళ్లు... అన్నీ పంజరం కట్టినవాడు ముందే ఆలోచించి ఉండాలి. ఆలోచించకపోతే? ఒక్క మధ్యాహ్నం చాలు.

పేరు ఒకటే, జీవులు రెండు

పల్లిచేలో కనిపించే చెవులపిల్లి, పంజరంలోని కుందేలు ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. మన చెవులపిల్లి అడవి జీవి. మెడ వెనుక నల్లటి మచ్చ దాని గుర్తు. బొరియ తవ్వదు. పిల్లలు ఒంటినిండా వెంట్రుకలతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. దాన్ని ఉచ్చు వేసి పట్టినా, చంపినా, అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. దాన్ని తెచ్చి పెంపుడు కుందేలుతో దాటించి కొత్త జాతి చేద్దామనుకునే ఉత్సాహవంతులు అక్కడక్కడా ఉంటారు. రెండింటి ప్రజాతులే వేరు. సంకరం పుట్టదు.

పెంపుడు కుందేలు మూలాలు స్పెయిన్, పోర్చుగల్ వైపు ఉన్నాయి. అది బొరియ జీవి. పిల్లలు వెంట్రుకల్లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. నేల లోపలి చల్లదనం వాటి పుట్టిల్లు. పైన ఎంత ఎండ కాసినా మూడడుగుల లోతున మట్టి చల్లగానే ఉంటుంది కదా! అలాంటి జీవిని పైకి తెచ్చి, నేలకు మూడడుగుల ఎత్తున జాలీ మీద కూర్చోబెడుతున్నాం.

మరి నేలమీదే వదిలేస్తే పోలేదా? తవ్వుకుని పోతుంది. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆసామి వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించి ఆస్ట్రేలియాలో వదిలిన రెండు డజన్ల కుందేళ్లు ఆ ఖండాన్ని ఏం చేశాయో లోకానికి తెలిసిందే. అది అలా ఉంచితే, మన రైతుకు అంతకంటే దగ్గరి సమస్యలు పాము, కుక్క, పిల్లి, ముంగిస. వీటన్నిటినీ మించినది దాని పెంటికలు దాని కాళ్లకే అంటుకోవడం. ఆ సంగతికి కాసేపట్లో వద్దాం.

మనదగ్గర మాంసానికి పెంచేవి ఎక్కువగా న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ జాతులు. (న్యూజిలాండ్ వైట్ పుట్టింది న్యూజిలాండ్‌లో కాదు, అమెరికాలో. పేరుకేముంది!) వీటిమీద దక్షిణాదిలో చాలాకాలంగా పనిచేస్తున్నది కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి మన్నవనూరు కేంద్రం. అది కొడైకెనాల్ కొండల మీద ఉంది. అక్కడ స్వెట్టరు లేకుండా సాయంత్రాలు గడవవు. కుందేలుకు హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల వేడి. ముప్పై దాటితే తిండి తగ్గిస్తుంది. ముప్పై అయిదు దాటితే ప్రాణం మీదికొస్తుంది. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా మనుషులే చనిపోయారు. ఇక ఒంటినిండా బొచ్చు కప్పుకుని, చెమట పట్టని జీవి గతి ఏమిటి? కుందేలు ఒంట్లోని వేడి బయటికి పోయే దారి ప్రధానంగా ఆ రెండు చెవులే. గాలి ఆడకపోతే అవీ పనిచెయ్యవు.

చల్లటి చోట పెంచినప్పుడు వచ్చిన బరువుల లెక్క చూసుకుని పాలమూరులో షెడ్డు కడితే తేడా రాక మానదు.

అమ్మ వెళ్లిపోయిన రోజు

కుందేలు చూలు నెల రోజులు. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. నాలుగైదు వారాలు తల్లి దగ్గర ఉంటాయి. అప్పటికి అర కిలో తూగుతాయి. అక్కడినుంచి పన్నెండో వారానికి రెండు కిలోలకు రావాలి. అంటే ఏడెనిమిది వారాల కథ. పెంపకందారుడి డబ్బంతా ఈ ఏడెనిమిది వారాల్లోనే వస్తుంది. పోయేదీ ఇక్కడే.

పాలు మానిన మొదటి పదిహేను రోజులు మరీ గండం. కడుపు పాల నుంచి దాణాకు, ఆకుకు మారుతుంటుంది. అదే సమయానికి మనం చేసే పనులేమిటి? పిల్లల్ని చెవులు పట్టి ఎత్తుతాం (అసలు చెవులు పట్టి ఎత్తకూడదు, ఒక చేత్తో మెడ పైచర్మం పట్టి, రెండో చెయ్యి పిర్రల కింద ఆన్చాలి). కొత్త పంజరంలో వేస్తాం. నాలుగు ఈతల పిల్లల్ని కలిపేస్తాం. కొత్త దాణా పెడతాం. అన్నీ ఒకేరోజు! మర్నాటి నుంచి పారుడు మొదలవుతుంది. వారంలో సగం ఖాళీ.

దీనికి ఖర్చులేని విరుగుడు ఒకటుంది. పిల్లల్ని కదపకుండా తల్లినే తీసెయ్యాలి. అదే పంజరం, అదే వాసన, అదే నీళ్ల నిపుల్, అవే తోబుట్టువులు. అమ్మ ఒక్కతే లేదు. ఓ వారం, పది రోజులు అలా ఉంచి, తర్వాత పెరిగే పిల్లల పంజరాల్లోకి మార్చాలి. అప్పుడు కూడా ఏ ఈత పిల్లలు ఆ ఈతతోనే. దాణా మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో మార్చాలి. ఇదంతా వింటే కొత్త కోడలిని ఇంట్లోకి తెచ్చుకునే జాగ్రత్తలా అనిపిస్తుంది. నిజానికి అంతే.

కుందేలుకు ఇంకో వింత అలవాటుంది. రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి కింద రాలిపోతాయి. మెత్తగా, ద్రాక్షగుత్తిలా ఉండేవి మాత్రం నేరుగా నోటితో అందుకుని మింగేస్తుంది. ఆకులోని సత్తువను రెండోసారి పిండుకోవడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. కొత్తవాళ్లు చూసి రోగమనుకుని కంగారు పడతారు. జాలీ అడుగు ఉన్నా ఆ అలవాటుకు అడ్డం లేదు, ఎందుకంటే అది కింద పడకముందే తీసుకుంటుంది.

కింద పడ్డ గట్టి పెంటికలతోనే చిక్కు. కాక్సిడియా అనే పరాన్నజీవి గుడ్లు వాటితో బయటపడతాయి. తడిలో, వెచ్చదనంలో ఒకట్రెండు రోజుల్లో అవి తయారై, మళ్లీ పిల్ల నోటికి చేరితే పేగులను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. నెల నుంచి మూడు నెలల పిల్లలే దీనికి ఎక్కువ బలి. నేలమీద, గడ్డి పరుపు మీద పెంచేచోట ఇది వదలదు. పంజరం అడుగున జాలీ ఎందుకంటే ఇందుకే. పెంటిక పడాలి, కింద గుంటలోకి జారాలి, పిల్ల నోటికి అందకూడదు.

మామూలు ఫినాయిళ్లకు ఆ గుడ్లు చావవు. మంటకు, ఎండకు చస్తాయి. ఖాళీ అయిన పంజరానికి అంటుకున్న బొచ్చును బ్లో ల్యాంపుతో కాల్చి, కడిగి, నడిమింట ఎండలో నాలుగు రోజులు పడేస్తే చాలు. పిల్లల్ని చంపే ఆ ఎండే పంజరాన్ని శుద్ధి చేస్తుంది. పాలమూరులో దానికి మాత్రం కొదవలేదు.

కింద జాలీ, పైన తాటాకు

పంజరం కొలతలు పెద్ద రహస్యమేమీ కాదు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఒక్కో పిల్లకు అడుగున్నర చదరం వేసుకుంటే నాలుగు పడతాయి. అయిదు వెయ్యమని అమ్మేవాడు చెబుతాడు. చలికాలంలో వేస్తే వెయ్యొచ్చు. ఫిబ్రవరి దాటాక నాలుగు కూడా ఎక్కువే, మూడు మేలు. పక్కవాడి ఒంటి వేడి కూడా వేడే కదా. ఎత్తు మాత్రం తగ్గించకూడదు. పిల్ల వెనక కాళ్లమీద లేచి చెవులు నిక్కించి చూడగలగాలి.

అడుగున వాడే జాలీ దగ్గర పొదుపు చేస్తే కాళ్లు పోతాయి. అర అంగుళం, అంగుళం కన్నుల వెల్డెడ్ మెష్, 14 గేజీ, జింకు పూత ఉన్నది కావాలి. నున్నటి వైపు పైకి రావాలి. కోళ్ల కంచెకు వాడే మెలితిప్పిన తీగ వల చవకగా వస్తుంది. అది సాగి, కుంగి, పాదాలను కోస్తుంది. పాదం పుండయిన కుందేలు కదలదు, తినదు, పెరగదు. పంజరంలో ఓ మూల చిన్న చెక్కపలక పెడితే దానిమీద కూర్చుని సేదతీరుతాయి. కొరుక్కోవడానికి ఓ సుబాబుల్ కొమ్మ వేస్తే ఇంకా మంచిది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటికి ఏదో ఒక పని ఉండాలి.

ఇక్కడ ఓ మాట. అసలు పంజరమే వద్దనే వాదన యూరప్‌లో గట్టిగా నడుస్తోంది. పంజరాల పెంపకానికి స్వస్తి పలకాలంటూ 2018లో మొదలైన పౌరుల విజ్ఞప్తి మీద దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేశారు. అక్కడ కొన్నిచోట్ల పైకప్పు లేని పెద్ద దొడ్లలో, ఎత్తు అరుగులు కట్టి గుంపులుగా పెంచుతున్నారు. గెంతడానికి చోటుంటుంది, నిజమే. ఆ లెక్కన మన మూడడుగుల పంజరం ఇరుకే. మన ఎండకు, మన పాములకు, మన చిన్నరైతు జేబుకు తగిన దొడ్డి ఎలా ఉండాలో ఎవరైనా కట్టి చూపితే బాగుండును. అందాకా చెయ్యగలిగింది తక్కువ పిల్లల్ని వెయ్యడం, కూర్చునే పలక పెట్టడం, ఎత్తు ఇవ్వడం.

షెడ్డు విషయానికొస్తే, పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పొడవాటి పక్కలనుంచి లోపలికి దూరవు. చూరు మూడడుగులు ముందుకు రావాలి. కప్పుకు రేకుల కంటే తాటాకు మేలు. నల్లగొండ జిల్లాలో తాటిచెట్లకు కరువేముంది! అప్పటికే రేకులు వేసుకున్నవాళ్లు పైన మందంగా తాటాకో, బోదగడ్డో కప్పి, లేదా కనీసం సున్నం కొట్టి వేడి తగ్గించుకోవచ్చు. పక్కలకు గోడ మోకాలెత్తు చాలు, ఆపైన జాలీ. పడమటి వైపు వేప, కానుగ చెట్లుంటే అదృష్టం. లేకపోతే కుందేళ్ల కంటే రెండేళ్ల ముందు చెట్లు తేవాలి.

పంజరాలు ఒక్క వరసే. మూడంతస్తులు పేరిస్తే చోటు కలిసొస్తుంది కానీ పై వరస రేకు వేడికి, కింది వరస మూత్రం ఘాటుకు గురవుతాయి. ఆ అమ్మోనియా ఘాటు మనిషి ముక్కుకు తెలిసేసరికే కుందేలు ఊపిరితిత్తులు పాడై ఉంటాయి. షెడ్డులోకి వెళ్లి నిలబడి కాదు, పంజరం ఎత్తుకు వంగి వాసన చూడాలి. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలెక్కవు.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది నీటి పైపు. నల్ల ప్లాస్టిక్ పైపు ఎండలో పడి ఉంటే మధ్యాహ్నానికి నిపుల్‌లో వచ్చేవి వేన్నీళ్లు. కుందేలు ముట్టదు. నీళ్లు తాగనిది దాణా తినదు. పైపును నీడలో నడిపించి, ట్యాంకుకు గోనె చుట్టాలి, లేదా మట్టి మూకుళ్లలో చల్లటి నీళ్లు పెట్టాలి. మన బోరు నీళ్ల చవుడుకు నిపుళ్లు తరచూ మూసుకుపోతాయి కూడా. రోజూ పొద్దున్నే ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడటం కన్నా ముఖ్యమైన పని లేదు.

మే నెలలో మనది పొడి ఎండ. కాబట్టి పక్కలకు కట్టిన తడి గోనెపట్టాలు బాగా పనిచేస్తాయి. జూన్‌లో మబ్బులు కమ్మి ఉక్కపోసే రోజుల్లో అదే తడి ప్రాణం తీస్తుంది. అప్పుడు పట్టాలు పైకెత్తి గాలి ఆడనివ్వాలి. పిల్ల పక్కకు వాలిపోయి, నోరు తెరిచి రొప్పుతూ, మూతి తడిగా, చెవులు ఎర్రగా కాలుతూ ఉంటే ఆలస్యం చెయ్యకూడదు. చెవులను మామూలు చల్లటి నీళ్లతో తడిపి గాలి తగిలేచోట ఉంచాలి. ఐసునీళ్లలో ముంచడం ప్రమాదం. మేత పొద్దు వాలాకే. ఎలాగూ కుందేలు రాత్రి తిండిపోతు.

కాగితం మీద 210

ఇప్పుడు లెక్క. ఏడు ఆడ, మూడు మగ కలిపి ఒక యూనిట్ అని అమ్ముతుంటారు. ఏడాదికి అయిదు ఈతలు, ఈతకు ఆరు పిల్లలు దక్కితే 210. కాగితం మీద బాగుంటుంది.

ఈ లెక్కలో మే నెల లేదు!

వేడికి మగ కుందేళ్లు తాత్కాలికంగా గొడ్డుపోతాయి. తిరిగి తేరుకోవడానికి వారాలు పడుతుంది. కాబట్టి దాటించడం జులై మొదట్లో మొదలవుతుంది. ఆగస్టులో ఈత. అయిదు వారాలకు పిల్లల్ని వేరు చేసి, సెప్టెంబరు మొదటి వారంలో మళ్లీ దాటిస్తే అక్టోబరులో రెండో ఈత. నవంబరు రెండో వారంలో దాటిస్తే డిసెంబరులో మూడోది. ఆ మూడో ఈత పిల్లలకు పన్నెండు వారాలు నిండేది మార్చి మొదటి వారానికి. సరిగ్గా ఎండలు ముదిరే ముందు పంజరాలు ఖాళీ. నాలుగో ఈతకు ఆశపడితే దాని పిల్లలు ఏప్రిల్, మే నెలల్లో పంజరాల్లో ఉడుకుతాయి. అంటే మన దగ్గర ఏడాదికి మూడు ఈతలే. ఏడు తల్లులు, మూడు ఈతలు, ఆరేసి పిల్లలు... 126. అందులోనూ చావులు తీసెయ్యాలి.

రెండో సంగతి. యూనిట్‌తో పాటు వచ్చేవి పది పంజరాలు అనుకోండి, అవి పెద్దవాటికే సరి. ఏడు తల్లులూ ఒకేసారి ఈనితే 42 పిల్లలు. తోబుట్టువులను మూడేసి చొప్పున ఉంచితే ఇంకో 14 పంజరాలు కావాలి. ఈ పద్నాలుగింటి ఖర్చు మొదట్లో ఎవరూ రాసుకోరు. పిల్లలు పుట్టాక చోటు లేక ఎనిమిదేసి, పదేసి కుక్కుతారు. ఆ తర్వాత జరిగేది పైన చెప్పుకున్నాం.

మేత సంగతి కూడా కలుపుకోవాలి. ఒట్టి గుళికల దాణా మీదే పెంచితే కిలో బరువుకు మూడున్నర, నాలుగు కిలోల దాణా అవుతుంది. బ్రాయిలర్ కోడికి రెండు కిలోలు కూడా పట్టదు. కాబట్టి దాణా కొని కోడితో పోటీ పడటం కుదరని పని. ఆకు మేతతోనే కుందేలు గిట్టుబాటు. లూసర్న్, దశరథ గడ్డి, సుబాబుల్, పల్లికట్టె... వీటిలో సగం మన చేలగట్ల మీద దొరికేవే. పచ్చి ఆకును కోసిన వెంటనే కాకుండా కాసేపు వాడ్చి పెట్టాలి. బోరు కింద పావెకరం పచ్చిమేత లేనివాళ్లు ఈ జోలికి పోకపోవడం మంచిదని నాకనిపిస్తుంది. గొర్రెకైతే మేత ఉన్నచోటికి నడిచిపోయే కాళ్లున్నాయి. పాలమూరు గొర్రెలు వానల్లేని ఏడు కృష్ణ ఒడ్డుదాకా నడిచిపోతాయి. పంజరంలోని కుందేలుకు మనమే కాళ్లం.

కొనేదెవరు?

రెండు కిలోల కుందేలులో మాంసం కిలో. కొవ్వు తక్కువ, కోడిమాంసంలా తెల్లగా ఉంటుంది. అంతవరకు బాగానే ఉంది. ఆదివారం పొద్దున నల్లగొండలోనో, జడ్చర్లలోనో మటన్ కొట్టు ముందు నిలబడ్డ జనంలో కుందేలు కూర అడిగేవాళ్లెందరు? ఉన్న గిరాకీ అంతా హైదరాబాద్ వైపే, అదీ తెలిసినవాళ్ల ద్వారానే.

ఈ లోటును చూసే ‘మేమే తిరిగి కొంటాం’ అనే ఒప్పందాలు పుడతాయి. పిల్లల్ని అధిక ధరకు అంటగట్టడం, మొదటి విడత కొని నమ్మకం కలిగించడం, ఆపైన కనిపించకపోవడం. ఈముల విషయంలో మన రైతులు ఇది చూసేశారు. 2012లో తమిళనాడులో పెరుందురైకి చెందిన సుసి ఈము సంస్థ కుప్పకూలాక ఆ పక్షుల మార్కెట్టే మాయమైంది, మేపలేక వదిలేసినవాళ్లున్నారు. కుందేలు ఈము కాదు, దాన్ని తినే దేశాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఒప్పందం కాగితం చేతికివ్వగానే అడగాల్సిన ప్రశ్న ఒకటే: మా దగ్గర కొన్న కుందేళ్లను మీరు ఎవరికి అమ్ముతున్నారు? కొత్త రైతులకే అమ్ముతుంటే అక్కడినుంచి లేచి వచ్చేయాలి.

చట్టం తరఫు నుంచి కూడా ఓసారి కుదుపు వచ్చింది. 2014లో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల్లో కుందేలు పేరు లేదంటూ మాంసానికి కొయ్యరాదని చెప్పింది. కేరళ రైతులు గోల చేశారు. ఆ తర్వాత పెంపుడు కుందేలు పేరు జాబితాలో చేరింది. పొలాల్లోని చెవులపిల్లికి ఇది వర్తించదు.

ఇన్ని చెప్పాక కూడా పెంచాలనే అనుకునేవాళ్లు, ముఖ్యంగా ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు చూద్దామనుకునే ఆడవాళ్లు, పాలెం, మదనాపురం, కంపాసాగర్, గడ్డిపల్లిల్లోని కృషి విజ్ఞాన కేంద్రాలకో, దగ్గరి పశువైద్యుడి దగ్గరికో ఓసారి వెళ్లిరావడం మంచిది. అంతకంటే ముందు ఇంట్లోనే చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. షెడ్డు వెయ్యాలనుకున్న చోట తాటాకు పందిరి వేసి, కింద ఒక్క ఖాళీ పంజరం పెట్టండి. అందులో, పిల్ల కూర్చునే ఎత్తులో, ఓ చిన్న ఉష్ణమాపకం వేలాడదీయండి. మే నెలంతా రోజూ మధ్యాహ్నం మూడింటికి వెళ్లి అంకె చూసి గోడమీద రాసుకోండి. గోనె తడిపి మళ్లీ చూడండి. ముప్పై అయిదుకు కిందికి రాకపోతే కప్పు మార్చి, చూరు పెంచి, ఇంకోసారి. కుందేళ్లను జులైలో కొనొచ్చు.